ఆగిపోయిన చీమ

ఈ రోజు సోమవారం. పొద్దున్నే మేడ్చల్‌లోని మా కాలేజీ ల్యాబులో మేం చేసిన ఆరు చీమ రోబోలు మొదటిసారి కలిసి నడిచాయి. కూలిన గోడల కింద మనుషులను వెతకడానికి వాటిని తయారు చేస్తున్నాం. మధ్యలో ఒకటి ఆగిపోయింది. మిగతా ఐదూ దాన్ని తప్పించుకుని సాగిపోయాయి. అలా తప్పించుకుని పోవాలని ప్రోగ్రాంలో నియమం రాసింది నేనే కాబట్టి చప్పట్లు కొట్టాను.

నా స్నేహితురాలు లావణ్య కొట్టలేదు. నిరుడు సూరారంలో వాళ్ల నాయిన మీద షెడ్డు గోడ పడింది.

"గా దినం మా నాయిన పక్కపొంటి అందరు గిట్లనే ఉరికిన్రు" అంది.

"అన్ని ఆగితే ఎతికేదెవరే?" అన్నాను.

"అన్ని గాదే. ఒక్కటన్న ఆగాలె గద!"

ప్రోగ్రాంలో ఆగిపోయిన రోబోకు నేను పెట్టిన పేరు 'అడ్డంకి'. మీరైతే ఏం పేరు పెడతారు?

రేపు పొద్దున మా ల్యాబు సార్ రాకముందే ఇద్దరం ఆ నియమం మారుస్తాం. వెతుకులాట నెమ్మదించినా సరే, ఒకటి ఆగితే ఇంకొకటి దాని దగ్గరే ఉంటుంది.