మంద ఉన్న ఊరు

వాదనలో నా మీద గెలిచినవాళ్ళు మక్తల్‌లో లేరు. ఈ మాట గొప్పకు రాయడం లేదు. నేను గెలిచిన వాదనల్లో ఒకటి ఒక ఆడమనిషి కాపురం తీసింది. అందుకు రాస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. హైదరాబాదులో రాజనీతి శాస్త్రం చదివి, బి.ఏ. పాసయి, పెళ్ళి చేసుకుని మక్తల్ వచ్చాను. మా ఆయన వకీలు. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. పత్రిక ఒక రోజు ఆలస్యంగా బస్సులో వచ్చేది. మా ఆయన చెయ్యి పడకముందే నేను దాన్ని విప్పి, పార్లమెంటులో ఎవరేమడిగారు, మంత్రి ఏమన్నాడు అన్న పేజీ మొదట చదివేదాన్ని. సర్కారును నిలబెట్టి ప్రశ్న అడగడం, సర్కారు లేచి నిలబడి జవాబు చెప్పడం నాకు పెద్ద వింత. నిజాం కాలంలో మా నాయన పోలీసు అమీన్ ఎదురైతే చెప్పులు విడిచి నిలబడేవాడు. అది చూసి పెరిగినదాన్ని.

మా ఇంటి వెనక సందులో గొర్లు కాసేవాళ్ళ ఇల్లు ఒకటి ఉండేది. తండ్రి, ఒక్కడే కొడుకు, కోడలు. కోడలు మా ఇంటికి మేకపాలు పోసేది. తండ్రీకొడుకులు ఏటా పంటలు కోశాక మందను తోలుకుని పడమటికి పోయేవారు. అక్కడి రైతులు ఎరువు కోసం చేలల్లో మంద పెట్టించుకుని జొన్నలు కొలిచేవారు. ఆ ఏడు మా వైపు వానలు ఎగ్గొట్టాయి. గడ్డి లేని ఊరికి గొర్లను తెచ్చి ఏం చేస్తారు? మంద బీజాపూరు వైపే ఉండిపోయింది.

పోర్చుగీసు వాళ్ళ చేతిలో ఉన్న గోవాలోకి సత్యాగ్రహులు గుంపులు గుంపులుగా నడిచిపోయిన ఏడు కూడా అదే. ఒక గుంపు వీళ్ళ మంద పక్కన ఆగి అంబలి తాగిందట. కొడుకు నాలుగో తరగతి దాకా చదివినవాడు. వాళ్ళ మాటలు విన్నాడు, చేతికర్ర తండ్రికిచ్చి "పది దినాలల్ల వస్తనే నాయినా" అని వాళ్ళ వెంట నడిచాడు.

సరిహద్దు దగ్గర కాల్పులు జరిగాయి. కొందరు చనిపోయారు, కొందరిని పట్టుకుపోయి జైళ్ళలో పెట్టారు. ఇతను ఎవరిలో ఉన్నాడో చెప్పేవాళ్ళు లేరు.

ఆరు నెలలు గడిచాక కోడలి తల్లిగారింటివాళ్ళు మాట తెచ్చారు. వాళ్ళలో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయిన పిల్లకు మేళతాళాలు లేకుండా కొత్త చీర కట్టించి ఇంకొకరింటికి పంపుతారు. కొల్లాపూర్ వైపు పెళ్ళాం చనిపోయిన ఒకాయన ఉన్నాడట, నలభై గొర్లున్నాయట. మామ ఒప్పుకోలేదు. కోడలు అసలే ఒప్పుకోలేదు. కులపెద్ద వచ్చి, బతికుంటే బతికున్నట్టు ఒక ఆనవాలు తెమ్మన్నాడు. లేకపోతే పిల్ల వయసు పాడు చేయొద్దన్నాడు.

మందను తోటి కాపరులకు అప్పజెప్పి వచ్చిన ముసలాయన, కోడలిని వెంటబెట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు.

"పంతులమ్మా, ఢిల్లీల అడుగుతరంట గదా. మావోని సంగతి అడిగిపియ్యవా?"

ఎవరైనా అడిగితే చాలు, నాకు ఊపు వచ్చేది. "ఎందుకడగరు? తప్పకుండ అడుగుతరు. ఆ సభల మంత్రి అబద్ధం చెప్పనీకి లేదు. చెప్తే కుర్సీ పోతది. ఆడికెల్లి వచ్చిన మాటకు తిరుగులేదు" అన్నాను. కులపెద్ద కూడా అక్కడే ఉన్నాడు. ఆయన వైపు తిరిగి మరీ అన్నాను.

లోపలినుంచి మా ఆయన, "నువ్వు వకీలువైతే జడ్జీలందరు రాజీనామా ఇస్తుండె" అన్నాడు.

కాగితం తీసి కూర్చున్నాను. కొడుకు పేరు వాళ్ళ కులదేవుడి పేరు. వాళ్ళలో మొగవాళ్ళు పదిమందైతే నలుగురికి అదే పేరు. కాబట్టి ఊరు సరిగా ఉండాలని నాకు తెలుసు.

"ఊరేది?" అన్నాను.

ముసలాయన బీజాపూరు వైపు ఒక పల్లె పేరు చెప్పాడు.

"అదెక్కడి ఊరు? నీ ఇల్లు ఈ సందులనే ఉన్నది గదా!"

"ఇల్లు ఈడనే. ఆ ఏడు మంద ఆడుండె."

"ఊరడిగితే మందను చెప్తవేంది? గొర్లకు ఓట్లున్నయా? నీ పేరు ఏ ఊరి పట్టీల ఉన్నదో అది చెప్పు."

ఆయన తల గోక్కున్నాడు. కోడలు మెల్లగా, "మావోళ్ళను ఎవలడిగినా మంద ఉన్న ఊరే చెప్తరు పంతులమ్మా" అన్నది.

"పార్లమెంటుల గట్ల నడువది" అన్నాను. హైదరాబాదు రాష్ట్రం, మక్తల్ తాలూకా అని గుండ్రంగా రాశాను. "సదువుకున్నదానివి, నీకెరుక" అన్నాడు ముసలాయన.

నల్లగొండ వైపు మా ఆయనకు వరసకు మామ అయ్యే ఒకాయన పార్లమెంటు మెంబరు. నకిరేకల్‌లో చుట్టాలింటి పెళ్ళికి వచ్చాడని తెలిసి, మా ఆయనను లాక్కుని నేనూ పోయాను. పెళ్ళివిందులో విస్తరి ముందు కూర్చున్న మనిషి చేతిలో కాగితం పెట్టాను. ఆయన చదివి విస్తరి కింద దోపుకున్నాడు.

"ఇటువంటివి సభల గట్టిగ అడుగొద్దమ్మా. మనకూ వాళ్ళకూ మాటల్లేవిప్పుడు. వేరే దేశం రాయబారిని నడుమ పెట్టి మన ఖైదీల సంగతి అరుసుకుంటున్నరు. బయట లొల్లి ఎక్కువైతే లోపలున్నోళ్ళ మీద కోపం తీర్చుకుంటరని పెద్దలంటున్నరు."

"అడుగకపోతే వాళ్ళను పూలల్ల పెట్టి చూసుకుంటున్నరా మామా? లోలోపల మాట్లాడుతున్నం అంటే ఎవరు ఏం మాట్లాడిన్రో మాకెట్ల ఎరుక? రాయబారి ఎవరికి జవాబుదారీ? మీరెందుకున్నరు మరి ఆడ?"

పక్క విస్తర్లవాళ్ళు చేతులాపి చూశారు. ఆయన నవ్వాడు. "ఈ కోడల్ని నా బదులు పంపితే బాగుండు" అని, అడుగుతానని మాటిచ్చాడు. దారంతా మా ఆయన ఒక్క ముక్క మాత్రం అన్నాడు: "జవాబు ఏమొస్తదో తెల్వకుంట కచేరీల సవాలు వెయ్యొద్దు." తెలిసిన జవాబుకు ప్రశ్న ఎందుకని నేను ఆయనను కూడా ఓడించాను. మక్తల్ చేరాక రాయబారి సంగతి కూడా అరుగు మీద అందరికీ చెప్పాను.

నేను కోరింది నక్షత్రం గుర్తు ప్రశ్న. దానికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, ఆ జవాబు మీద సభ్యులు తిరగేసి అడగవచ్చు. మాది గుర్తు లేని ప్రశ్నగా మారింది. అంటే జవాబు కాగితం మీద వస్తుంది, దాన్ని నిలబెట్టి అడిగేవాళ్ళు ఉండరు. ఎండలు ముదిరాక మామ దగ్గరనుంచి కవరు వచ్చింది. మొదటి భాగానికి జవాబు: హైదరాబాదు రాష్ట్రం మక్తల్ తాలూకాకు చెందిన అట్టి వ్యక్తి గోవా జైళ్ళలో ఉన్నట్టు ప్రభుత్వం వద్ద సమాచారం లేదు. అతని ఆరోగ్యం, విడుదల గురించి ఏం చేశారన్న రెండో భాగానికి జవాబు: ప్రశ్న ఉత్పన్నం కాదు.

అరుగు మీద అందరి ముందూ చదివాను. చదువుతుండగానే నా గొంతు నాకే నచ్చలేదు. ముసలాయన గొంగడి అంచు పట్టుకుని కూర్చున్నాడు. కోడలు ఒక్కతే అడిగింది.

"పంతులమ్మా, లేడు అన్నడా? తెల్వదు అన్నడా?"

బి.ఏ. చదివిన నాకు తట్టనిది ఆమెకు తట్టింది. నేను గబగబా అందుకుని, వచ్చి కూర్చున్న కులపెద్ద వైపు తిరిగాను. "తెల్వదు అన్నడు. లేడనలేదు. పెద్దాయనా, తెల్వకపోవుడు వేరు, లేకపోవుడు వేరు."

కులపెద్ద శాంతంగా అన్నాడు: "సర్కారుకు తెల్వకుంట సర్కారు జైళ్ళ మనిషి ఉంటడా బిడ్డా?"

"అది మన సర్కారు జైలు గాదు, పోర్చుగీసోళ్ళది."

"రాయబారి పోయి చూస్తుండని నువ్వే జెప్తివి. ఆడికెల్లి వచ్చిన మాటకు తిరుగులేదని నువ్వే జెప్తివి. అబద్ధమాడితే కుర్సీ పోతదంటివి. ఇప్పుడు మంత్రి అబద్ధమాడిండంటవా?"

నా వాదన నాకే అప్పజెప్పి ఆయన లేచాడు. ఆ రోజు నేను చాలా మాట్లాడాను. చట్టం అన్నాను, జాడ తెలియని మనిషి కోసం ఏడేళ్ళు చూడాలన్నాను, పోలీసులకు చెప్తానన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. వినలేదు కూడా.

వారం తర్వాత ఆమెను తీసుకుపోయారు. పొద్దున పాలచెంబు ఇవ్వడానికి వచ్చింది. ఒంటి మీద కొత్త ఎర్రచీర, గంజి పోలేదు. "రేపటికెల్లి మా మామ పాలు పోస్తడు. నీళ్ళు కలుపనీకి రాదు ఆయనకు" అని నవ్వబోయి, నవ్వలేక, చెంబు గడప మీద పెట్టి పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ఏదో ఒక జవాబు చెప్పి ఉండేదాన్ని.

ఆ తర్వాతి ఏడు గోవా జైళ్ళనుంచి మనవాళ్ళను విడిచిపెట్టారు. నేను పత్రికలో చదివాను. చదివి మడిచి మా ఆయనకిచ్చాను.

అతను వచ్చాడు. మొదట మంద దగ్గరికి పోయి, అక్కడినుంచి మక్తల్ చేరి, తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చాడు. ముందు పళ్ళు రెండు లేవు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. అరుగు మీద కూర్చోమంటే కింద కూర్చున్నాడు.

"అందరు పేర్లు రాసుకున్నరమ్మా. రాయబారి మనుషులు గూడ వచ్చి రాసుకున్నరు. ఏ ఊరన్నరు. ఊరు చెప్పిన."

"ఏ ఊరు చెప్పినవు?"

నాకు జవాబు తెలుసు. అయినా అడిగాను.

బీజాపూరు వైపు ఆ పల్లె పేరే చెప్పాడు. "మంద ఆడనే ఉండె గద. విడిచిపెడితే పోవాల్సింది నాయిన కాడికే గద. ఇంకేం జెప్తరు?" అన్నాడు. బీజాపూరు అప్పుడు బొంబాయి రాష్ట్రంలో ఉండేది. ఆ రాష్ట్రం వాళ్ళ జాబితాలో ఒకడుగా ఏడాదిన్నర ఉన్నాడు. ఆ జాబితా సర్కారు దగ్గర ఉండే ఉంటుంది. మేమడిగింది హైదరాబాదు రాష్ట్రం మనిషిని. మంత్రి అబద్ధం చెప్పలేదు. కుర్సీ ఎక్కడికీ పోలేదు.

అతను ఆ కాగితం చూస్తానన్నాడు. ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు, మా ప్రశ్న అచ్చయిన చోట చూపించాను. వేలు అక్కడినుంచి తీయకుండానే అన్నాడు:

"పంతులమ్మా, ఇంకొక సవాలు వేపియ్యి. నేనున్ననని ఢిల్లీకెల్లి ఒక కాగితం రావాలె. కొల్లాపూర్ పట్టుకపోయి పెద్దమనుషుల ముందట పెడ్త. గీ కాగితం సూసి పంపినోళ్ళు, గా కాగితం సూసి మళ్ళ పంపరా?"

ముసలాయన తల దించుకుని, "ఆమెకు నెలలు నిండినయంట కొడుకా" అన్నాడు. కొడుకు వినిపించుకోలేదు. నావైపే చూస్తున్నాడు.

రాశాను. ఈసారి గుండ్రంగా రాయలేదు. రెండు ఊళ్ళూ రాశాను, రెండెందుకు ఉన్నాయో కూడా రాశాను. ముందటి జవాబులో అతని సమాచారం లేదని ఎందుకన్నారో సభలో అడగమని మామకు విడిగా బతిమాలుతూ ఇంకో ఉత్తరం రాశాను. బతిమాలడం నాకు అదే మొదలు.

మామ జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఖైదీలందరూ విడుదలైనందువల్ల ఈ ప్రశ్న ఉత్పన్నం కాదని శాఖవారు అన్నారట. సభ దాకా పోనే లేదు. "అబ్బాయి క్షేమంగా వచ్చినందుకు సంతోషం" అని చివర తన చేత్తో రాశాడు.

అప్పటికి కొడుకు మందతో పోయాడు. పాలు పోయడానికి వచ్చిన ముసలాయనకే చదివి వినిపించాను.

"గిప్పుడన్న ఉన్నడన్నరా?"

"ఉన్నడనలేదు, లేడనలేదు. అడిగే పనే లేదన్నరు."

ఆయన చెంబు బోర్లించి గొంగడి భుజాన వేసుకున్నాడు. గడప దిగబోతుంటే, ఉత్తరం సంగతి కొడుకుకు ఎట్లా తెలుస్తుందని అడిగాను. ఇప్పుడతను ఏ ఊళ్ళో ఉన్నాడన్నాను.

మంద ఉన్న ఊరు చెప్పాడు. నేను దిద్దలేదు. రాసుకోవడానికి కాగితమూ తీయలేదు.