గోడ మీది చెప్పు

మొన్న ఆళ్లగడ్డకు పోతుంటే బస్సు శిరివెళ్లలో ఆగింది. రోడ్డు పక్క మిల్లు నుంచి వేడి శెనగచెక్క వాసన వచ్చింది. ఆ వెనకే ఇంజను చప్పుడు. ఒకటి, రెండు దెబ్బలు తడబడి మూడోదానికి అందుకుంది. నాకు సంబంధం లేని ఇంజనే అయినా ప్రాణం కుదుటపడింది. ఆ చప్పుడు వింటే నాకు రత్నమ్మగారు గుర్తుకొస్తారు.

నంద్యాలలో ఆమెది నూనె మిల్లు. భర్త పోయాక వ్యాపారమంతా తానే నడిపేవారు. అక్కడ తూకాలు చూసే పని నాది. నేను బడిలో చదివింది తక్కువ. లెక్కలు తక్కెడ దగ్గర సొంతంగా నేర్చుకున్నాను. అందువల్లనేమో, అంకెలు వేసి వరుసగా రాసిన కాగితమంటే నాకు దైవంతో సమానం. కర్నూలు రాజధాని అయిన ఏడాది మిల్లుకు కొత్త ఇంజను వచ్చింది. దాని తల మీది ఇనుప గుండును ముందు మంటతో ఎర్రగా కాచాలి. తర్వాత చక్రం తిప్పాలి. ఇంజను అందుకోకపోతే మళ్లీ కాచాలి. అందుకుంటే ఒక్క క్షణం ఆగి, దగ్గర ఎవరి చేతులూ లేవని చూసి, మిల్లును తిప్పే బెల్టు వేయాలి. గుండు కాగకముందే తిప్పితే చక్రం ఎదురు తన్ని చెయ్యి విరగ్గొడుతుంది. ఇదంతా నేను గుండ్రటి అక్షరాలతో అట్ట మీద రాసి గోడకు కొట్టాను.

దాన్ని చదివేవాళ్లే లేరు. ఇంజను దగ్గర ఉండే ఖాజాకు ఉర్దూ తప్ప చదవడం రాదు. బళ్లారి వైపు నుంచి వచ్చిన బసప్ప చదవగలిగేది కన్నడమే; తెలుగు మాటలు మాత్రం ఇద్దరికీ వచ్చు. రోజూ పొద్దున నేను నిలబడి గట్టిగా చదివితే వాళ్లు చేసేవాళ్లు. నేను లేకుంటే ఇంజను లేదు. ఆ గొప్ప కొన్నాళ్లు బాగానే ఉంది. కానీ నా భార్య లక్ష్మీదేవి ఆళ్లగడ్డలో పుట్టింట్లో నెలలు నిండి ఉంది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, అప్పుడు నేను పక్కన లేను. ఈసారి ఉంటానని మాటిచ్చాను.

సెలవు అడిగితే రత్నమ్మగారు, "పోప్పా, ఎవరొద్దన్న్యారు?" అన్నారు.

"నేను పోతే ఇంజను ఎట్లమ్మా?"

"ఏందీ, నువ్వు చదివితేనే అది తిరుగుతాదా? ఇంజనుకు పెండ్లి చేస్తాండావా, మంత్రాలు చదవనీకి?"

మర్నాడు ఆమె నా అట్ట పీకించి, సున్నం, బొగ్గు, ఎర్రమన్ను తెప్పించి గోడ మీద బొమ్మలు గీశారు. కాచడానికి మంట, తిప్పడానికి చక్రం. ఇంజను అందుకుందా లేదా అన్నచోట చీలిన దారి: ఒక పాయ ముందుకు, ఇంకో పాయ తాడులా మెలిక తిరిగి మళ్లీ మంట దగ్గరికి. ఆగవలసిన చోట ఎర్రటి చుక్క, దాని తర్వాత బెల్టు.

నాకు నచ్చలేదు. "అక్షరాలుండంగా ఈ బొమ్మలేందమ్మా, పిల్లోళ్ల మాదిరి?"

"దళారులు తువ్వాల కింద వేళ్లు పట్టుకోని ధర తెంపుకుంటారే, ఆడ అక్షరముందా? ఇద్దరికీ ఒకటే తెలిస్తే చాలు."

నాలుగు రోజుల్లో ఖాజా, బసప్ప నా నోరు లేకుండానే ఇంజను నడిపారు. గోడ చూపిందే చేయాలని ఆమె గట్టి ఆజ్ఞ. అంతలో ఆయుధపూజ వచ్చింది. బసప్ప భక్తిగా ఇంజనుకు, చక్రానికి, సుత్తికి బొట్లు పెట్టాడు. గోడ మీది బొమ్మలు కూడా పనిముట్లే కదా అని, ఒక్కో బొమ్మకూ ఒక్కో కుంకుమ బొట్టు పెట్టాడు.

మర్నాడు తెల్లవారగానే బస్సు డ్రైవరు చేత కబురు వచ్చింది, లక్ష్మికి నొప్పులు మొదలైనాయని. చెప్పిపోదామని మిల్లుకు పరుగెత్తితే, శెనగకాయ దించాల్సిన బండ్లు బయటే నిలిచి ఉన్నాయి. లోపల ఖాజా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యింది ఖాజా?"

"ఆగమంటాంది గదన్నా. మంట కాడ ఆగు, చక్రం కాడ ఆగు. యాడ జూసినా ఎర్ర చుక్కే."

"చూస్తిరామ్మా! అక్షరాలైతే ఇట్లయ్యేదా?" అన్నాను. గెలిచానన్న సంతోషం కంటే భయమే ఎక్కువ. బస్సుకు వేళవుతోంది.

రత్నమ్మగారు పకపకా నవ్వారు. "నిజమేలే, తప్పు నాదే. బొట్టు పెట్టే దేశంలో ఎర్ర చుక్క పెడితిని." కొంగుతో గోడ మీది బొట్లు, ఎర్ర చుక్క తుడిచి, చెయ్యి సున్నంలో ముంచి చుక్క ఉన్నచోట అద్దబోయారు.

"వద్దమ్మా," అన్నాడు ఖాజా. "చెయ్యంటే మాకు పీర్ల పండగ పంజా. దానికి నేను దండం పెట్టుకుంటా నిలబడతా."

"మరి దేనికి దండం పెట్టవురా నువ్వు?"

ఖాజా గుమ్మం దగ్గరున్న చెప్పుల వైపు చూశాడు. "చెప్పు గీయమ్మా. చెప్పులిడిసే కాడ ఎవురైనా ఆగాల్సిందే. దానికి కుంకం పెట్టేటోడు యాడుంటాడో చూస్తాం!"

బసప్ప నవ్వలేక నేల మీద కూలబడ్డాడు. ఆమె బెల్టు గుర్తుకు ముందు పెద్ద చెప్పు గీసి నావైపు తిరిగారు. "నువ్వు నోరు మూసుకోని బయట నిలబడు. లోపలికి తొంగి చూడాకు."

నిలబడ్డాను. మంట బుస వినిపించింది. చక్రం మూలిగింది. అందుకోలేదు. లోపలికి పోబోయిన కాలు బలవంతాన వెనక్కి తీసుకున్నాను. మళ్లీ మంట బుస. మెలిక తాడు దారినే పోయారన్నమాట. మళ్లీ చక్రం. ఈసారి ఇంజను అందుకుంది. తర్వాత ఇంజను చప్పుడు ఒక్కటే, చెప్పు దగ్గర ఆగినంత సేపు. ఆ పైన బెల్టు పట్టుకుంది.

"ఇంగ పో! బస్సు పోతాది!" అని లోపలి నుంచే అరిచారు ఆమె.

ఆళ్లగడ్డలో ఇంటికి చేరేసరికి గది గుమ్మం బయట మంత్రసాని చెప్పులు ఉన్నాయి. తలుపు తోయబోయినవాణ్ణి వాటిని చూసి టక్కున ఆగాను. ఖాజా మాట నిజం. ఆ నిలబడటం ఎంతసేపో లెక్క పెట్టలేదు; నా జీవితంలో లెక్క తప్పింది అప్పుడొక్కసారే. లోపల బిడ్డ ఏడ్చింది. "ఆడపిల్లప్పా, ఇద్దరూ బాగుండారు," అంది మంత్రసాని. అక్కడే చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాను.

రత్నమ్మగారు ఇప్పుడు లేరు. నా నమ్మకం ఈనాటికీ అక్షరాల మీదే. ఆమె దాన్నేమీ మార్చలేదు. కానీ ఏ పనికి వరుస రాసిచ్చినా, అందులోని ఏ గుర్తుకైనా వాళ్ల ఇళ్లలో ఇంకో అర్థం ఉందా అని చదివేవాళ్లనే అడుగుతాను. ఆ తర్వాత చెప్పులు వేసుకుని బయటికి పోయి నిలబడతాను. లోపల పని నేను లేకుండా సాగిపోతున్న చప్పుడు వింటాను. అంత హాయి నాకు ఇంకే చప్పుడులోనూ దొరకలేదు.