వేడినీళ్ళక్క

రైల్వే స్టేషన్లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పే ఆవిడను అక్కడి వాళ్ళందరూ వేడినీళ్ళక్క అనేవారు. మండుటెండలో కూడా ఆవిడ పొగలు కక్కే నీళ్ళనే ఊదుకుంటూ తాగేది. ఎవరైనా ఐసు నీళ్ళు అందిస్తే, "అమ్మో, నా గొంతు పోతే రైళ్ళన్నీ దారి తప్పుతాయి" అని నవ్వి గ్లాసు పక్కకు జరిపేది. చల్లటి నీళ్ళు తాగేవాళ్ళను మాత్రం కాస్త ఆశగా చూసేది.

ఒకరోజు పొద్దున్నే ఆ పనిని రికార్డు చేసిన గొంతుకు అప్పగించి, ఆవిడను పార్సిళ్ళ గదికి మార్చారు. మధ్యాహ్నం ఆవిడ చిన్నబోయిన మొహంతో కూర్చుని ఉంటే, టికెట్లిచ్చే గుమాస్తా కూలరు నుంచి గ్లాసు నిండా నీళ్ళు పట్టి తెచ్చాడు.

"ఇంక భయమేముందక్కా, హాయిగా తాగు."

ఆవిడ కళ్ళు మూసుకుని గటగటా సగం తాగేసింది. పళ్ళు జివ్వుమన్నాయి.

"ఇందుకేనా మీరంతా ఎగబడేది? రుచీ పచీ లేదు!" అంది. అని, తన మాటకు తనే ఆశ్చర్యపోయినట్టు కాసేపు ఆ గ్లాసు వంకే చూసింది.

"తమ్ముడూ, క్యాంటీన్లో కాసిని నీళ్ళు కాచమని చెప్పవా?"

"ఇంకా గొంతుతో పనేముందక్కా?"

"గొంతు మాటెందుకులే, నాకవే ఇష్టం" అంది ఆవిడ, ఆ పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వుతూ.