నేను తగ్గించిన పదిహేనేళ్ళు

మన్సూరాబాద్‌లో ఒక వాడకట్టు ఆడవాళ్ళందరినీ ఒక్క మధ్యాహ్నంలో పడుచువాళ్ళను చేసిన ఘనుణ్ణి నేను. ఆ పుణ్యం ఏళ్ళ తరవాత, తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, ఎల్బీనగర్‌లో నలుగురి ముందూ నా నెత్తిన పడింది. ఎలా పడిందో చెబుతాను. వీలైతే నవ్వకుండా వినండి.

పదో తరగతి తప్పినా గ్రంథాలయాన్ని నేను వదల్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చెదలు కూడా ముట్టని పుస్తకాలు చదివాను. అందుకే ఓటరు కార్డుల దరఖాస్తులు నింపే పని వాడకట్టంతా నాకే అప్పగించింది. సరిగ్గా ఆ వారమే ఒక మర్యాదల పుస్తకంలో చదివాను: స్త్రీని వయసు అడగటం అనాగరికం. మగవాళ్ళ గురించి ఏమీ లేదు కనక వాళ్ళను అడిగే రాశాను. ఆడవాళ్ళకు ముఖం చూసి, నాగరికంగా అంచనా వేశాను.

ఎదురింటి యాదమ్మకు ముప్పై ఎనిమిది వేశాను.

"ఎంత రాసినవ్ బిడ్డా?"

చెప్పాను.

"సక్కగ రాసినవ్," అని చాయ్ పోసింది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే ఊళ్ళోవాళ్ళ వయసు పోయింది.

పదిహేనేళ్ళు గడిచాయి. యాదమ్మ చైతన్యపురిలో ఒక హాస్టల్లో వంట చేసేది. బంద్‌ల దెబ్బకు పిల్లలు ఊళ్ళకు పోయారు, హాస్టల్‌కు తాళం పడింది. "ఆకువక్కలకు గూడ కోడలి చెయ్యి చూడాల్నా? పింఛన్ ఇప్పియ్యి బిడ్డా," అంది. నల్లగొండ పల్లెలో పుట్టి, బడి గడప తొక్కని మనిషి. ఆమె వయసు లోకంలో నేను రాసిన చోట తప్ప ఎక్కడా లేదు. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తుంటే కదా!

ఎల్బీనగర్ పింఛన్ ఆఫీసుకు మేం బయల్దేరిన రోజు రాస్తారోకో. బస్సుల్లేక నడిచాం. ఆమె ముందు, నేను వెనక. ఆఫీసులో గుమాస్తా ఆయాసపడుతున్న నన్ను జాలిగా చూశాడు.

"పింఛన్ నీకేనా?"

"పెద్దమ్మకు సార్. అరవై ఐదు ఎప్పుడో దాటింది."

"కార్డు లెక్కన యాభై మూడే గద?"

"తప్పు పడింది సార్. పెద్దకొడుక్కే నలభై తొమ్మిది. ఇదిగో వాడి కార్డు!" అని వకీలులా బల్ల మీద పెట్టాను.

గుమాస్తా రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని తీరిగ్గా చూశాడు.

"అంటే ఈమె నాలుగేండ్లకే కన్నదా?"

వెనక వరసంతా గొల్లుమంది.

"గీ వయసు రాసిన మొనగాడెవడు?"

"గీ బిడ్డనే సారూ," అంది యాదమ్మ, నా వీపు గర్వంగా నిమురుతూ. "చాన చదువుకున్నడు. మా గల్లీల ఆడోళ్ళందరికీ ఈయనే రాసిండు."

గుమాస్తా కార్డులు రెండూ నా వైపు తోశాడు. "అందుకేనా, మీ గల్లీకెల్లి ఒక్క ముసలమ్మ గూడ వస్తలేదు! పో, సర్కారు దవాఖానల వయసు రాపిచ్చుకొని రా."

దవాఖానలో డాక్టరు పళ్ళు చూశాడు, కళ్ళు చూశాడు, కొడుకు కార్డు చూశాడు, పెళ్ళి సంగతులడిగాడు. చివరికి కాగితం మీద రాస్తూ, "అరవై ఎనిమిది," అన్నాడు. నా గుండె కుదుటపడింది. పింఛన్ వచ్చినట్టే!

యాదమ్మ మాత్రం కుర్చీలోంచి లేచింది.

"అరవై ఎనిమిదా? పింఛన్‌కు ఎంతుంటే సాలు సారూ?"

"అరవై ఐదు."

"మరి ఆ మూడెందుకు? అక్కెరలేనియి. తీసెయ్యి." డాక్టరు సంతకం పెట్టేశాడు. ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పు బిడ్డా! పదిహేనేండ్లు తీసినోనివి, మూడు తీయిపియ్యలేవా?"

ఆ మూడేళ్ళూ పోలేదు. పింఛన్ వచ్చింది. యాదమ్మ మళ్ళీ నాకు చాయ్ మాత్రం పొయ్యలేదు.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా ఆడమనిషి దరఖాస్తు నింపమని వస్తే, పేరు రాస్తాను, ఊరు రాస్తాను. వయసు దగ్గరకు రాగానే కలం ఆమె చేతికిచ్చి, గోడవైపు తిరిగి నిలబడతాను. రాశాక కూడా చూడను.