మూడేళ్ళు తెలిసిన మనిషికి ఇంటర్వ్యూ

2021 వేసవి చివర్లో సహన మా లైబ్రరీకి వచ్చింది. అప్పటికి నేను ఆ యూనివర్సిటీ లైబ్రరీ క్యాటలాగింగ్ విభాగంలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మేం ఉండేది ఇల్లినాయ్‌లో, అరోరాలో. అక్కడి నుంచి రోజూ కారులో వెళ్ళొస్తాను. కొత్తగా వచ్చిన పుస్తకం ఎవరిదో, దేని గురించో, ఏ అరలో ఉండాలో కంప్యూటర్‌లోకి ఎక్కించడమే క్యాటలాగింగ్. బయటివాళ్ళకి విసుగు పుట్టించే పని. నాకు మాత్రం ఇప్పటికీ విసుగు రాలేదు.

నాకు లైబ్రరీ సైన్స్ డిగ్రీ లేదు. ఖమ్మంలో బీకాం చదివి, పెళ్ళయ్యాక డిపెండెంట్ వీసా మీద ఈ దేశం వచ్చాను. ఉద్యోగం చేయడానికి అనుమతి లేని ఆ రోజుల్లో ఊళ్ళోని పబ్లిక్ లైబ్రరీయే నా కాలేజీ అయింది. పిల్లల బొమ్మల పుస్తకాలతో ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టి నవలలకి వచ్చాను. ఆ తర్వాత చరిత్ర, నక్షత్రాలు, చివరికి లైబ్రరీలు ఎలా నడుస్తాయో చెప్పే పుస్తకాలు కూడా చదివాను. గ్రీన్ కార్డ్ వచ్చాక ఈ ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు నా దగ్గర ఉన్న చదువు అదే. నా హోదా స్పెషలిస్ట్. మాస్టర్స్ ఉన్నవాళ్ళే లైబ్రేరియన్లు. వాళ్ళు కూర్చునే కమిటీల్లో మాకు చోటుండదు.

సహన వచ్చింది రెసిడెంట్ లైబ్రేరియన్‌గా. అమెరికా యూనివర్సిటీల్లో చదివే పిల్లలు అన్ని దేశాలవాళ్ళూ, అన్ని రంగులవాళ్ళూ ఉంటారు. లైబ్రేరియన్లలో మాత్రం ఎక్కువమంది తెల్లవాళ్ళే. ఆ తేడా కొంతైనా తగ్గాలని కొన్ని లైబ్రరీలు రెసిడెన్సీలు పెట్టాయి. కొత్తగా డిగ్రీ తీసుకున్నవాళ్ళని రెండు మూడేళ్ళకి చేర్చుకుని, ఒక్కో విభాగంలో కొన్ని నెలలు పనిచేయిస్తారు. ఇలా తిప్పడాన్ని రొటేషన్ అంటారు. గడువు తీరాక ఉద్యోగం ఉంటుందని మాత్రం ఎక్కడా రాయరు.

మొదటి రొటేషన్ మా విభాగంలోనే. వచ్చిన రోజే నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"హాయ్, మీరు పద్మ గారు కదా? ఆంటీ అనొచ్చా? పేరుతో పిలిస్తే మమ్మీ చంపేస్తుంది."

"మీటింగ్‌లో పద్మ అను. ఇక్కడ ఆంటీ అను. రెండు రకాలుగానూ పలుకుతాను," అన్నాను.

సహన పుట్టిందీ పెరిగిందీ జార్జియాలోని కమ్మింగ్‌లో. అమ్మా నాన్నా ఇద్దరూ సాఫ్ట్‌వేర్.

"లైబ్రరీ అంటే ఇంట్లో ఏమన్నారమ్మా?"

"ఫస్ట్ సైలెంట్ అయిపోయారు. తర్వాత టెంపుల్‌లో ఒక అంకుల్ అడిగారు, బుక్స్ స్టాంప్ చేయడానికి మాస్టర్స్ ఎందుకు అని. స్టాంపింగ్ చాలా కాంప్లికేటెడ్ అంకుల్ అని చెప్పాను. ఆయన నమ్మేశారు!"

మా బేస్‌మెంట్‌లో అట్టపెట్టెల నిండా తెలుగు పుస్తకాలు ఉండేవి. ఎప్పుడో కొన్నవి, ఎవరో ఇచ్చినవి. చదవగలిగేవాళ్ళు లేక క్యాటలాగ్‌కి ఎక్కకుండా ఉండిపోయాయి. ఇలా పేరుకుపోయిన పనిని బ్యాక్‌లాగ్ అంటాం. వేరే పనుల మధ్య తీరిక దొరికినప్పుడు నేను కొన్ని చేసేదాన్ని. మా విభాగం హెడ్ ప్యాట్రిషియా ఆ పెట్టెల్ని సహనకి అప్పగించింది.

సహనకి ఆదివారం క్లాసుల్లో నేర్చుకున్న అక్షరాలు వచ్చు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. రెండో వారమో ఎప్పుడో ఒక పుస్తకం తెచ్చి, "ఆంటీ, 'ద్వితీయ ముద్రణ' చాలా పాపులర్ టైటిలా? డిఫరెంట్ రైటర్స్ అందరూ అదే రాస్తున్నారు," అంది.

రెండోసారి అచ్చు వేశారని దాని అర్థమని చెప్పేసరికి తల టేబుల్ మీద పెట్టేసింది. "ఓ మై గాడ్. రికార్డ్స్ అన్నీ ఫిక్స్ చేయాలి. ప్యాట్రిషియాకి చెప్పకండి ప్లీజ్."

ఇంకెప్పుడూ అలాంటి తప్పు చేయలేదు. ఆ ఏడాది చివరికి నాకంటే జాగ్రత్తగా పనిచేసేది. మా పనిలో అథారిటీ వర్క్ అని ఒకటుంది. ఒకే రచయిత వేరువేరు పేర్లతో రాసి ఉంటే, అవన్నీ ఒకే మనిషివని ఆధారంతో తేల్చి ఒకచోట కలపడం. పెట్టెల్లో ముగ్గురు రచయిత్రుల కథల పుస్తకాలు దొరికాయి. ఇద్దరికి పేరు ఒకటే, ఇంటిపేర్లు వేరు. మూడోది పూర్తిగా వేరే పేరు. కానీ కథల్లోని ఊరు ఒకటే అని సహనకి అనుమానం వచ్చింది. చివరి పుస్తకం అట్ట వెనక రచయిత్రి కూతురు న్యూజెర్సీలో ఉంటుందని ఒక వాక్యం ఉంది. అంతే. మా గుడి వాట్సాప్ గ్రూప్ నుంచి న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఒక గ్రూప్‌కి, అక్కడి నుంచి ఆ కూతురి ఫోన్ నంబర్‌కి చేరాం. స్పీకర్‌లో పెట్టి మాట్లాడింది సహనే.

"లైబ్రరీ నుంచా? మేమేం పుస్తకాలు తీసుకోలేదమ్మా," అంది ఆ పెద్దావిడ ముందు.

సహన తన తెలుగులో వివరంగా చెప్పింది. ఆవిడ పుస్తకాల పేర్లు మళ్ళీ ఒకసారి చదివించుకుంది. తర్వాత, "మొదటివి పెళ్ళి కాకముందు రాసింది. తర్వాతివి మా నాన్నగారి ఇంటిపేరుతో రాసింది. ఇంటి సంగతులు బయటపెడుతోందని మా నానమ్మ గొడవ చేస్తే పేరే మార్చేసుకుంది. ముగ్గురూ మా అమ్మేనమ్మా," అంది.

ఫోన్ పెట్టేశాక సహన చాలాసేపు ఆ పుస్తకాల మీద చెయ్యి తియ్యలేదు. "నాకు ఈ జాబ్ కావాలి ఆంటీ. ఫరెవర్," అంది. ఆమెకి కావాల్సింది అదొక్కటే. ఆ తర్వాత జరిగినదంతా దాని చుట్టూనే.

రొటేషన్ ప్రకారం మా దగ్గర్నుంచి, పాఠకుల ప్రశ్నలకి జవాబులిచ్చే రిఫరెన్స్‌కి వెళ్ళింది. అక్కడి నుంచి పాత కాగితాలు భద్రపరిచే ఆర్కైవ్స్‌కి, అక్కడి నుంచి ఇంకో చోటికి. అందరూ మెచ్చుకున్నారు. ఒక పని చేతికి అలవాటయ్యేసరికి ఇంకో విభాగానికి మార్చేవాళ్ళు. ప్లెయిన్స్‌బరో ఫోన్ కథ న్యూస్‌లెటర్‌లో ఫోటోతో వేశారు. వెబ్‌సైట్ మొదటి పేజీలో కూడా ఆమె ఫోటోయే. అన్ని రకాలవాళ్ళకీ చోటుండాలని పెట్టిన డైవర్సిటీ కమిటీ, వెల్‌కమ్ కమిటీ, ఎగ్జిబిట్ కమిటీ, అన్నిటిలోనూ సహన పేరే. వద్దనడానికి కొత్త మనిషికి నోరు రాదు. లంచ్ టైమ్‌లో బేస్‌మెంట్‌కి దిగొచ్చి తెలుగు పెట్టె తెరిచేది. ఒకరోజు డబ్బాలో పులిహోర తింటూ అంది: "ఈ వీక్ నేను త్రీ కమిటీస్‌లో డైవర్స్‌గా ఉన్నాను ఆంటీ. చాలా టైర్డ్."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

మూడో ఏడు మా విభాగంలోనే మెటాడేటా లైబ్రేరియన్ ఉద్యోగం పడింది. మెటాడేటా అంటే క్యాటలాగింగే, డిజిటల్ వస్తువులకి కూడా చేసేది. పర్మనెంట్ పోస్ట్. వేసవికి రెసిడెన్సీ గడువు తీరుతుంది. ఇది వస్తే సహన ఉంటుంది, రాకపోతే పోతుంది. తెలిసిన మనిషని నేరుగా ఇవ్వడానికి లేదు. దేశమంతటి నుంచీ అప్లికేషన్లు పిలిచి, కొందరిని రప్పించి, రోజంతా ఇంటర్వ్యూ చేయాలి. ప్రెజెంటేషన్ ఇవ్వాలి, భోజనాలు కూడా కమిటీతోనే. అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే మాటల్లో అడగాలి. ఆ రోజు ఆ గదిలో చెప్పినదానికే మార్కులు వేయాలి. ముందు తెలిసినది ఏదీ లెక్కలోకి రాకూడదు. ఎవరికీ అన్యాయం జరగకూడదని పెట్టిన నియమాలే ఇవన్నీ. నేను చదివిన పుస్తకాల్లో కూడా వాటిని మెచ్చుకున్నారు.

ప్యాట్రిషియా మంచి మనిషి. సహనని పిలిచి మరీ సలహా ఇచ్చింది. "నువ్వు ఇక్కడి మనిషివన్న ధీమా ఎక్కడా కనపడనివ్వకు. బయటినుంచి వచ్చినదానిలా మాట్లాడు." సహన ఆ మాటని అక్షరాలా పాటించింది.

ఆరోజు ఆమె కొత్త బ్లేజర్ వేసుకుని, తాను రోజూ ఎక్కే మెట్ల దగ్గరే నిలబడింది. ఎవరో వచ్చి లోపలికి తీసుకెళ్ళాలి కదా. ఇంటర్వ్యూ కమిటీ అధ్యక్షుడు, అంటే చైర్, వచ్చి చెయ్యి కలిపి, తన పేరు చెప్పుకున్నాడు. అంతకుముందు వారమే ఆమె బర్త్‌డే కేక్ తిన్నవాడు. "మీ పేరు ఎలా పలకాలి?" అని అడిగాడు. అది కూడా రాసి ఉన్న ప్రశ్నే. "సహన," అంది సహన. లోపలికెళ్ళాక, "ఈ ఉద్యోగం గురించి మీకెలా తెలిసింది?" అని అడిగారట. ఆ ప్రకటన ఆమెకి పంపించింది అడిగినాయనే.

ప్రెజెంటేషన్ అందరూ వినొచ్చు కాబట్టి నేనూ వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. మొదటి ఏడాదిలో ఏం చేస్తారన్నది టాపిక్. ప్రణాళికలు, బొమ్మలు, బాణం గుర్తులు, అన్నీ చక్కగా ఉన్నాయి. కానీ తెలుగు పెట్టెల మాట రాలేదు. ముగ్గురు రచయిత్రుల మాట రాలేదు. మూడేళ్ళలో తన చేత్తో చేసినదేదీ రాలేదు. ఆ ఊరికి కొత్తగా వచ్చిన మనిషి మాట్లాడినట్టే ఉంది.

చివర్లో చెయ్యెత్తాను. "మీరు చేసిన అథారిటీ వర్క్‌లో ఏదైనా ఒకటి వివరిస్తారా?" అని అడిగాను.

చైర్ మర్యాదగా అడ్డుకున్నాడు. "థాంక్యూ పద్మా. కానీ అది మన ప్రశ్నల్లో లేదు. మిగతా అభ్యర్థుల్ని అడగలేదు కదా."

సహన నా వైపు చూసి, పర్లేదన్నట్టు తల ఊపింది.

తర్వాత కారిడార్‌లో నీళ్ళు తాగుతుంటే పట్టుకున్నాను. "ఆ ఫోన్ సంగతి ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"వాళ్ళకి తెలుసు కదా ఆంటీ. వాళ్ళే న్యూస్‌లెటర్‌లో వేశారు. మళ్ళీ నేనే చెప్తే చీప్‌గా ఉంటుంది."

"తెలుసమ్మా. కానీ ఇవాళ తెలియదు వాళ్ళకి. తెలియకూడదు."

ఆమెకి అప్పుడు అర్థమైంది. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంతలో ఒకావిడ వచ్చి, భోజనానికి టైమైందని, దారి చూపిస్తానని తీసుకెళ్ళింది.

ఉద్యోగం వేరే యూనివర్సిటీలో పనిచేసి వచ్చిన ఒకతనికి ఇచ్చారు. పనిమంతుడు, నెమ్మదస్తుడు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ కబురు చెప్పినప్పుడు ప్యాట్రిషియా కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చేసిన పనికి ఉదాహరణలు చెప్పలేదని అందరూ రాశారు. ఏ ఒక్క విభాగంలోనూ లోతైన అనుభవం లేదని కూడా రాశారు," అంది.

"విభాగాలన్నీ తిప్పింది మనమే కదా," అన్నాను.

"నాకు తెలిసినది నేను చెప్పడానికి లేదు పద్మా," అంది. అబద్ధం కాదు. నిజంగానే లేదు.

సహన చివరి వారమంతా తాను చేసిన తెలుగు పుస్తకాల రికార్డులు సరిచూసింది. ఇంకో రాష్ట్రంలో ఇంకో రెసిడెన్సీ దొరికే అవకాశం ఉండింది. వెళ్ళనంది. "మళ్ళీ త్రీ ఇయర్స్ కొత్త పర్సన్‌లా ఉండాలా? ఎన్ని సార్లు ఎర్లీ కెరీర్ అవుతాను ఆంటీ?" కమ్మింగ్ వెళ్ళిపోయి, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటా పనిలో చేరింది. కొన్నాళ్ళకి ఫోన్ చేస్తే, "ఇక్కడ ఎవరూ నా ఫోటో తీయరు. అది బాగుంది," అంది. మిగతాది ఎలా ఉందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత దేశంలో గాలి మారింది, డైవర్సిటీ పేరుతో నడిచే కార్యక్రమాల మీద ప్రభుత్వం కన్నెర్ర చేసింది. మా రెసిడెన్సీ పేరులోంచి ముందు డైవర్సిటీ అన్న మాట తీసేశారు. ఆపైన రెసిడెన్సీనే ఆపేశారు. ముగింపు రిపోర్ట్ కోసం లైబ్రరీ డైరెక్టర్ మీటింగ్ పెట్టి, స్పెషలిస్టుల్ని కూడా పిలిచాడు. మంచి సంగతులు చెప్పమన్నాడు. ఎంతమంది రెసిడెంట్లు వచ్చారో, ఎన్ని ఎగ్జిబిట్లు పెట్టారో ఒకరు చెప్పారు. నా వంతు వచ్చింది.

"వాళ్ళలో ఇప్పుడు ఇక్కడ ఎవరున్నారు?" అని అడిగాను.

ఎవరూ లేరు. అది అందరికీ తెలుసు. ఒకరిద్దరు టేబుల్ వైపు చూశారు. డైరెక్టర్ నా మాట నోట్ చేసుకుంటానన్నాడు. తర్వాత వచ్చిన రిపోర్ట్‌లో అది లేదు.

మనుషుల్ని లోపలికి పిలవడం గురించి నేను ఎన్నో పుస్తకాలు చదివాను. వచ్చినవాళ్ళకి మొదటి రోజే ఒక పని, ఒక చోటు చూపించి, గడువు తీరాక నీ కుర్చీ ఇది అని చెప్పకపోతే, ఎంత ప్రేమగా పిలిచినా వాళ్ళు చుట్టాలుగానే ఉండిపోతారని సహన విషయంలో తెలుసుకున్నాను. అందరికీ తెలిసిన మంచి కూడా, తేల్చే రోజున ఎవరూ పైకి అనకపోతే, ఆ మనిషికి ఎందుకూ పనికిరాదని కూడా.

ఇప్పుడు మా దగ్గర చిన్నవాళ్ళెవరికైనా ఇంటర్వ్యూ ఉందంటే నా టేబుల్ దగ్గరికి పిలుస్తాను. "నేనెవరో నీకు తెలియదనుకో. నువ్వు చేసిందంతా మొదట్నుంచీ చెప్పు," అంటాను. సిగ్గుపడతారు, నవ్వుతారు, మీకు తెలిసిందే కదా అంటారు. వదలను. పూర్తిగా చెప్పిస్తాను. కమిటీలో కూర్చునేవాళ్ళని ఇలా ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీకు తెలిసింది మీరు చెప్పండి అని అడిగే హోదా నాకు లేదు.