‘వెలిగింది’ అనే గడి

నా డైరీలన్నీ ఒకే కొలత. గుణదలలో మా ఇంటి ముందుగదిలో, చెక్క బీరువా పై అరలో వరసగా ఉంటాయి. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి పదవీ విరమణ దాకా వాటిలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. జ్వరం వచ్చిన రోజు "జ్వరం, ఇంట్లోనే" అని రాసుకున్నాను. మా ఆవిడ వాటిని "మీ రెండో సంసారం" అంటుంది. ఏటా దుమ్ము దులిపేది మాత్రం ఆవిడే.

వాటిలో ఒక డైరీ మిగతావాటికంటే లావుగా ఉంటుంది. దాని మధ్యలో ఒక గోడ క్యాలెండరు మడతపెట్టి ఉంది. తేదీల మీద పసుపు చుక్కలు ఉన్నాయి. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో గర్వంగా చెప్పుకోదగిన పని ఏదని ఎవరైనా అడిగితే ఆ క్యాలెండరే తీసి చూపిస్తాను.

నా ఉద్యోగం గోబర్ గ్యాస్. పేడలో నీళ్ళు కలిపి, భూమిలో కట్టిన ఇటుకల తొట్టిలో పోస్తే గ్యాస్ పుడుతుంది. దాన్ని గొట్టంలో వంటింటికి తెచ్చి పొయ్యి వెలిగించాలి. పొగ ఉండదు, కట్టెలు అక్కర్లేదు, తొట్టిలోంచి బయటికి వచ్చిన పేడ పొలానికి మంచి ఎరువు. విజయవాడలో బస్సెక్కి ఉయ్యూరు మీదుగా పామర్రు దాకా, అక్కడి నుంచి సైకిలు మీద ఊళ్ళలోకి వెళ్ళి, గేదెలున్న ఇళ్ళ వాళ్ళని ఒప్పించి తొట్లు కట్టించడం నా పని.

ప్రతి ఏటా పైనుంచి ఒక అంకె వచ్చేది. దాన్ని లక్ష్యం అనేవారు. జిల్లాకి ఇన్ని తొట్లు, మండలానికి ఇన్ని, ఒక్కొక్క ఉద్యోగికి ఇన్ని అని పంచేవారు. మార్చి ముప్పై ఒకటిలోపు ఆ అంకె పూర్తి కావాలి. కాగితం మీద ఒకే గడి ఉండేది, ‘కట్టినవి’ అని. నేను మాత్రం నా డైరీలో దాని పక్కన స్కేలు పెట్టి ఇంకో గడి గీసుకున్నాను. దానికి ‘వెలిగింది’ అని పేరు పెట్టాను. ఎవరూ అడగని గడి అది. కట్టిన తొట్టి కళ్ళకి కనబడుతుంది, దాని మీద వంట అవుతోందో లేదో వంటింట్లోకి తొంగిచూస్తే తప్ప తెలియదు. అందుకని గీసుకున్నాను.

తొంభైల నడుమ ఒక ఏడు, పామర్రు అవతల ఒక చిన్న ఊళ్ళో ఆరు తొట్లు నా వంతుకి వచ్చాయి. అనుమతులు వచ్చేసరికి సంక్రాంతి వెళ్ళిపోయింది. ఆ ఏడు దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు వదిలారు, కాలవలు నిండుగా పారుతున్నాయి. చుట్టూ పొలాలన్నీ తడి. మా మేస్త్రి మొదటి ఇంట్లో రెండు మూరలు తవ్వించి పలుగు పక్కన పడేశాడు.

"సార్, కాలవ నిండుగా ఉన్నప్పుడు తవ్వితే ఇది గొయ్యి కాదండి, బావండి."

"ఇంజను పెట్టి తోడిద్దాం మేస్త్రిగారూ. మార్చిలోపు అయిపోవాలి."

"మార్చి సంగతి కాలవకి తెలీదు కదండీ. ఏప్రిల్లో కాలవ కట్టేశాక హాయిగా తవ్వుకుందాం."

నేను వినలేదు. డెల్టాలో పుట్టి పెరిగినవాడిని. కాలవ పారినన్నాళ్ళూ భూమిలో నీళ్ళు పైకి ఉబుకుతాయని నాకు తెలియక కాదు. అయినా ఆఫీసు లెక్కలో ఏడాది మార్చితో అయిపోతుంది, ఏప్రిల్లో తవ్వింది నా ఖాతాలో పడదు. ఇంజను పెట్టి నీళ్ళు తోడిస్తూ ఆరూ కట్టించాను. ఆ రోజు డైరీలో "మేస్త్రి అభ్యంతరం చెప్పాడు, తోసిపుచ్చాను" అని నా చేత్తోనే రాసుకున్నాను.

మొదటి తొట్టి ఒక పెద్దావిడ ఇంట్లో కట్టాం. ఆవిడని నేను పిన్నిగారూ అనేవాణ్ణి. నాకంటే పదేళ్ళు పెద్ద. నాలుగు గేదెలు, మాగాణి వ్యవసాయం, ఊళ్ళో ఆడవాళ్ళలో మాట చెల్లే మనిషి. పొగకి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆవిడ ఒప్పుకుంటే మిగతా ఐదిళ్ళూ ఒప్పుకుంటాయని ముందు ఆవిడ్నే పట్టుకున్నాను.

మాకు శిక్షణలో ఒక కిటుకు నేర్పారు. పాత పొయ్యి ఉన్నంతకాలం ఇంటివాళ్ళు గ్యాస్ వాడరు, కాబట్టి వెలిగించిన రోజే మట్టి పొయ్యి తీయించేయాలి. ఆ మాటే ఆవిడకి చెప్పాను.

"పొయ్యి తీసేస్తాలెండి," అందావిడ. "దాలి జోలికి మాత్రం రాకండి బాబూ."

దాలి అంటే పెరట్లో పిడకలు కణకణలాడే చిన్న గుంట. దాని మీద కుండలో పాలు పెడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సన్నగా కాగి, ఎర్రబడి, మీగడ రొట్టెలా కడుతుంది. ఆవిడ నెయ్యికి ఊళ్ళో పేరు. పిడకలు వాడకూడదని మా ఫారంలో ఉంది. ఆ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుని తలూపాను.

తొట్టి నిండి గ్యాస్ వచ్చిన రోజు ఊరంతా వచ్చింది. నీలం మంట చూసి ముసలివాళ్ళు కూడా ముక్కున వేలేసుకున్నారు. అందరి ఎదుటా ఆవిడ పలుగు తీసుకుని, అత్తగారి కాలం నాటి మట్టి పొయ్యిని తన చేత్తోనే పడగొట్టింది. కాఫీ కాచి నాకు ఇచ్చింది. ‘వెలిగింది’ గడిలో ఒకటి వేశాను. మిగతా ఐదిళ్ళ వాళ్ళు తొట్లలో పేడ పోయకుండా ఈవిడ వంట ఎలా సాగుతుందో చూద్దామని ఆగారు.

పదకొండు రోజులు వెలిగింది. పన్నెండో రోజు మంట ఎర్రబడింది, ఆ మర్నాడు రానేలేదు. మేస్త్రి వచ్చి మూత తీసి చూశాడు. అడుగునుంచి నీళ్ళు నెట్టుకొచ్చి తొట్టి నేల పగిలింది. పేడనీళ్ళు పైదాకా నిండిపోయి గ్యాస్ నిలవడానికి చోటు లేకుండా పోయింది.

నేను వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో మూడు ఇటుకలు పెట్టి, ఎండలో, కొంగు నెత్తిన కప్పుకుని అన్నం వండుతోంది. పక్క ఇంటి గోడ మీంచి, తొట్టి కట్టించుకున్నా ఇంకా పేడ పోయని తోడికోడలు తొంగి చూస్తోంది.

"ఏంటక్కా, వంటిల్లు పెరట్లోకొచ్చింది? గవర్నమెంటోళ్ళు ఇక్కడిక్కూడా గొట్టం వేస్తారా?"

"నీ కూర మాడుతోందే, వాసనొస్తోంది. పోయి చూసుకో."

"మాడినా నా పొయ్యి నాకుందిలే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "పిన్నిగారూ, తప్పు నాది. రేపే మనిషిని పెట్టి మీ పొయ్యి మీకు వేయించేస్తాను," అన్నాను.

ఆవిడ గరిటె ఆపింది. "వద్దు. పొయ్యి వేసుకోడం నాకు రాక కాదు, ఒక పూట పని. అందరి ముందూ పడగొట్టి మళ్ళీ వేసుకుంటే ఈ ఊళ్ళో నా మాటకి విలువేం ఉంటుంది? కాలవ వదిలేలోపు ఆ గ్యాస్ నాకు తెప్పించండి. వానలొచ్చాక ఇక్కడ వండలేను."

జూన్‌లో కాలవ వదులుతారు. అదే నాకు ఆవిడ పెట్టిన గడువు. ఆఫీసు పెట్టిన ఏ గడువూ నన్ను అంత భయపెట్టలేదు.

అంతకుముందు మార్చి నివేదిక ఉంది. ఆరు తొట్లూ పూర్తి అని సంతకం పెట్టి పంపేస్తే నా లక్ష్యం నెరవేరినట్టే. ‘కట్టినవి: ఆరు’ అని రాసి, పక్కన ఇంకో గడి గీసి ‘వెలుగుతున్నవి: సున్నా’ అని రాశాను. మా పై అధికారి పిలిపించారు.

"సున్నా ఏంటండీ ఇది?"

"వెలుగుతున్నవి సార్."

"కట్టినవి ఆరు కదా?"

"ఆరేనండి. ఆ గడిలో ఆరే రాశాను. ఇది పక్క గడి."

"ఈ పక్క గడి మన ఫారంలో ఉందా?"

"లేదండి. నేను గీశాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రిటైరయ్యాక ఎన్ని గళ్ళైనా గీసుకోండి. ఇప్పుడు మాత్రం ఇది కొట్టేయండి."

కొట్టేయలేదు. నాకొక మెమో వచ్చింది. దాన్ని డైరీలో అంటించాను.

కాలవ కట్టేయగానే ఆ ఊరు వెళ్ళాను. తొట్టి తోడించి, మూత తీసి వారం రోజులు గాలికి వదిలేశాం. పేడలోకి దిగడానికి కూలీలు ఒప్పుకోలేదు. మేస్త్రి, పిన్నిగారి భర్త, నేను దిగాం. నేను దిగుతుంటే మేస్త్రి అన్నాడు, "సార్, మీరు రాతపని మనిషి, గట్టున నించోండి." "తవ్వమన్నది నేనే కదా," అన్నాను. అప్పుడు నవ్వాడు, ఆ నెలలో మొదటిసారి.

పగిలిన నేల తీసేశాం. మేస్త్రి కంకర పోసి దిమ్మిస కొట్టి, సిమెంటు కొత్తగా వేశాడు. చెరువు గట్టుకి చేసినట్టు, తొట్టి బయట చుట్టూ బంకమట్టిని కాళ్ళతో తొక్కి కూరించాడు. ఆ పని పుస్తకాల్లో లేదు, ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్నది. మిగతా ఐదు తొట్లూ చూస్తే మూడింటికి బీటలున్నాయి. వాటినీ బాగుచేశాం. ఆ ఎండలకి నా వీపు తోలు ఊడింది. మా ఆవిడ వేపాకు నూరి రాస్తూ, "ఇదీ రాసుకోండి," అంది. రాసుకున్నాను.

పేడ పోశాక గ్యాస్ పుట్టడానికి రెండు వారాలు పైగా పడుతుంది. రోజూ బస్సు దిగగానే ముందు కాలవ వైపు చూసేవాణ్ణి. అడుగున బురద కనబడితే ఊపిరి వచ్చేది. కాలవ వదలడానికి నాలుగు రోజుల ముందు, పొద్దున్నే పిన్నిగారి వంటింట్లో నీలం మంట వచ్చింది. ఆవిడ పెరట్లో ఇటుకలు మూడూ ఒక్కొక్కటే తెచ్చి తొట్టి పక్కన పేర్చింది. ఆ తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి తోడికోడల్ని కేకేసింది.

"ఏమే, కాఫీకి రా."

తోడికోడలు వచ్చి, కాఫీ తాగుతూ కూడా మంట వైపే చూసింది. "మరి దాలి, అక్కా? వీళ్ళు అది కూడా తీసేయమంటారంట కదా?"

పిన్నిగారు నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. ఫారంలో ‘పిడకల వాడకం పూర్తిగా మానారా’ అని ఒక ప్రశ్న ఉంది. దానికి ఎదురుగా ఆవిడ కళ్ళ ముందే ‘పాలకి తప్ప’ అని రాసి, పైకి చదివాను.

"పాలకి తప్ప," అని తోడికోడలు ఆ మాటని మళ్ళీ పలికింది. "అట్టాగైతే మాదీ పోయించండి బాబూ పేడ." ఐదిళ్ళ వాళ్ళూ ఇన్నాళ్ళూ జంకింది మంటకి కాదు, మీగడకి. ఆ సంగతి ఏ శిక్షణలోనూ మాకు చెప్పలేదు, మేమూ ఎవర్నీ అడగలేదు.

కాలవ నిండుగా పారుతున్నా తొట్లలోకి నీరు రాలేదు. నన్ను నమ్మడం మానేసిందో, నాకు సాయం చేయాలనుకుందో గానీ, పిన్నిగారు వంటింటి క్యాలెండరు మీద వంట అయిన ప్రతి రోజూ పసుపు చుక్క పెట్టడం మొదలెట్టింది. చూసి మిగతా ఐదుగురూ పెట్టారు. నేను నెలకోసారి వెళ్ళి చుక్కలు లెక్కపెట్టి డైరీలోకి ఎక్కించుకునేవాణ్ణి. ఏడాది అయ్యాక పిన్నిగారు తన క్యాలెండరు నాకే ఇచ్చేసింది. మరుసటి మార్చిలో నా పక్క గడిలో ఆరు అని రాశాను. మా పై అధికారి ఈసారి కళ్ళజోడు తీయలేదు. కాలవలు పారుతున్నప్పుడు డెల్టాలో గోతులు తవ్వరాదని ఆయనే ఒక ఉత్తర్వు రాసి అందరికీ పంపారు.

రెండు వేలు దాటాక మా కాగితాల్లో మాటలు మారాయి. వాతావరణ మార్పు, కర్బన వాయువులు, ప్రజల భాగస్వామ్యం. విజయవాడలో ఒక హోటల్లో సదస్సు పెట్టారు. వేదిక మీద ఒకాయన, ప్రజల్ని ఎలా కలుపుకోవాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి అన్నారు. నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. లేచి, సంచీలోంచి క్యాలెండరు తీసి చూపించి, దాలి సంగతీ సున్నా సంగతీ చెప్పాను. సున్నా దగ్గర కొందరు నవ్వారు. ఆ తర్వాతి ఏడాది మాకు వచ్చిన ఫారంలో రెండో గడి అచ్చులోనే ఉంది, ‘వాడకంలో ఉన్నవి’ అని. అది నా వల్లే వచ్చిందని నేను అనను. ఆ ఫారం చూసిన రోజు మాత్రం మా ఆవిడకి మిఠాయి పొట్లం తీసుకెళ్ళాను.

పదవీ విరమణకి నెల ముందు ఆఖరిసారి ఆ ఊరు వెళ్ళాను. అప్పటికి ఊళ్ళోకి గ్యాస్ సిలిండర్లు వచ్చేశాయి. పిన్నిగారి వంటింట్లోనూ ఒకటి ఉంది, దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టింది. గొట్టం పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఆవిడ కళ్ళలో ఆ ఎరుపు లేదు. పెరట్లో దాలి మీద పాల కుండ ఉంది.

"ఏదీ, మీ డైరీ చూపించండి," అంది. చదవడం అంతంత మాత్రం, గళ్ళు మాత్రం వేలితో చూపించింది. "ఇది కట్టింది. ఇది వెలిగింది. మూడోది గీయలేదే?"

"మూడోదేంటి పిన్నిగారూ?"

"ఇంకా వెలుగుతోంది అని."

సంచీలోంచి స్కేలు తీశాను. అక్కడే అరుగు మీద కూర్చుని గడి గీశాను. ఆ పూట ఆరిళ్ళూ తిరిగి చూశాను. రెండిళ్ళలో గేదెలు అమ్మేశారు, తొట్లు ఎండిపోయాయి. తిరిగొచ్చి మూడో గడిలో నాలుగు అని రాయబోతుంటే ఆవిడ భుజం మీంచి తొంగి చూసింది.

"అంకె తర్వాత వేద్దురుగానీ. ముందు మా ఇల్లు రాయండి."

రాశాను.