చలానా పట్టుకుని నరసరావుపేటకు: సున్నపుబట్టీ మలుపు కోసం ఒక రోజు

నా పేరు కోటేశ్వరమ్మ. వయసు డెబ్బై రెండు. గురజాల దగ్గర పల్లెటూరు మాది. ఇంట్లో నేను, మా చిన్నవాడు శ్రీను, కోడలు పద్మ, రెండు గేదెలు ఉంటాం. ఆరెకరాల్లో మిర్చి, పత్తి వేస్తాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పద్మ ఫోనులో రాస్తోంది. మధ్యలో తన మాట ఒక్కటి కూడా కలపనని ముందే ఒట్టు వేయించుకున్నాను. కెమెరా చలానా వచ్చి, అది న్యాయమో అన్యాయమో అడగడానికి నరసరావుపేట దాకా వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఈ ప్రయాణం సంగతి చెబుతున్నాను.

మా ఇంట్లో ట్రాక్టరు కొన్నా స్కూటీ కొన్నా నా పేరు మీదే కొంటారు. నా పేరు అచ్చొస్తుందని మా ఆయన పెట్టిన అలవాటు. ఆయన పోయినా అలవాటు పోలేదు. అందువల్ల ఏ బండీ తోలడం రాని నాకు, హెల్మెట్ లేకుండా బండి తోలారని వెయ్యి రూపాయల జరిమానా వచ్చింది. పిడుగురాళ్ల రోడ్డులో కొత్తగా పెట్టిన కెమెరా పట్టిందట. శ్రీను ఫోను చూసి, "కట్టేద్దాంలే అమ్మా, గొడవెందుకు" అన్నాడు. "ఎందుకు కట్టాలిరా? హెల్మెట్ లేకుండా మన బండి ఎప్పుడన్నా గడప దాటిందా?" అన్నాను. వాడు తల గోక్కుంటూ గేదెలకు నీళ్లు పెట్టాలని వెళ్లిపోయాడు. గేదెలకు అప్పటికే నేను పెట్టేశాను.

జరిమానా కంటే నన్ను ఎక్కువ మండించింది వేరే ఉంది. మా ఊరి బయట పాత సున్నపుబట్టీ దగ్గర రోడ్డు ఒక్కసారిగా తిరుగుతుంది. బట్టీ గోడ అడ్డం ఉండటంతో ఎదురుగా వచ్చే రాయి లారీ మీద మీదకు వచ్చేదాకా కనపడదు. పద్మ ఆశా కార్యకర్త. రోజూ ఆ మలుపు మీదుగానే ఆసుపత్రికి వెళ్లి రావాలి. పోయిన వానాకాలం లారీని తప్పించబోయి కాలవలో పడింది. భుజం దగ్గర ఎముక విరిగి, ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు చెయ్యి మెడకు కట్టుకుని తిరిగింది. ఇప్పుడు మళ్లీ అదే దారి, అదే బండి. పద్మ తిరిగొచ్చే వేళ, సాయంత్రం అయిదున్నర దాటితే నాకు పాలు పితకడానికి చేతులు ఆడవు. ఆ మలుపులో కెమెరా లేదు, బోర్డు లేదు. తిన్నగా, నున్నగా, అరమైలు దూరం వరకు కనిపించే రోడ్డు మీద మాత్రం కెమెరా ఉంది. ఇది మా ప్రాణాల కోసమా, మా జేబుల కోసమా? ఈ ఒక్క మాట అడగాలని బయలుదేరాను. పద్మ సెలవు పెట్టి నా వెంట వచ్చింది. నాకు తోడు కంటే పోలీసులకు రక్షణగా వస్తున్నానని శ్రీనుతో చెప్పిందట.

పొద్దున ఆరింటికి కరీముల్లా ఆటో ఎక్కాం. గురజాలకు మనిషికి ఇరవై రూపాయలు.

"యాడికి మామ్మా, పొద్దున్నే కొత్త చీర కట్టావు?"

"నరసరావుపేటకిరా. పోలీసోళ్లతో తగువుంది."

"ఓరి నాయనో! నీ ఇష్టమొచ్చినట్టు తగువాడుకో గానీ, నా ఆటో నెంబరు మాత్రం యాడా చెప్పమాక."

గురజాలలో ఆరూ ముప్పావుకు పిడుగురాళ్ల మీదుగా వెళ్లే బస్సు దొరికింది. ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు కానీ ఆధార్ చూపించాలి. నేను కార్డు రవికలో దాచుకుని, వెతకడానికి రెండు స్టాపులు తీసుకున్నాను. కండక్టరమ్మ ఓపిగ్గా నిలబడింది. ముందు సీట్లో పిడుగురాళ్లలో కిరాణా కొట్టు నడిపే పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నా గొంతు బస్సంతా వినపడుతుంది కాబట్టి నా చలానా సంగతి ఆయనకూ తెలిసిపోయింది.

"కెమెరాలు మంచియ్యేనమ్మా," అన్నాడు ఆయన. "మా కొట్టు ముందర ఒకటి పెట్టినకాణ్ణించి బండ్లు నిదానంగా పోతన్నాయి. అంతకు ముందు బస్తా దించుకోవాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకునే వాణ్ణి."

"నీ కొట్టు ముందర పెట్టారు కాబట్టి నీకు మంచియ్యి. మా మలుపులో పెట్టమను, నేనూ మంచియ్యే అంటా."

"ఆయన చెప్పింది నిజమే అత్తమ్మా," అంది పద్మ. "జరిమానా లేకపోతే ఎవరూ హెల్మెట్ పెట్టరు. ఆసుపత్రిలో తలకి కుట్లేసేటప్పుడు చూస్తన్నాగా."

"ఏమే, నువ్వు నా ఎంట వచ్చావా, ఆళ్ల ఎంట వచ్చావా?"

బస్సంతా నవ్వింది. పిడుగురాళ్లలో బస్సు ఆగినప్పుడు డ్రైవరు దిగి టీ తాగుతుంటే ఆయన్నీ అడిగాను. ఆయన గ్లాసు ఊదుకుంటూ, "ఉన్న మాట చెప్పనా పెద్దమ్మా? కెమెరా ఉన్న కాడ నాకు బస్సులో జనం గుర్తొస్తారు. లేని కాడ టైము గుర్తొస్తది" అన్నాడు. ఇంత నిజం చెప్పిన మనిషిని ఏమనను? ఆయన టీ డబ్బులు నేనే ఇచ్చాను, పది రూపాయలు.

తొమ్మిదింటికి నరసరావుపేటలో దిగాం. ట్రాఫిక్ పోలీసుల ఆఫీసు పదిన్నరకు గానీ తీయరు. ఆఫీసు ఉన్న సందులోనే సుబ్బాయమ్మ అనే ఆమె పొయ్యి పెట్టుకుని ఇడ్లీలు వేస్తోంది. నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. పల్లీల పచ్చడిలో ఎండుమిర్చి ఘాటు సరిగ్గా పడింది. కారంపొడి మీద నెయ్యి అడగకుండానే వేసింది. నేను ఎవరినైనా మెచ్చుకోవడం అరుదు. ఆమెను మెచ్చుకున్నాను.

"చలానాకొచ్చావా అక్కా? రోజూ నలుగురైదుగురు వస్తారు. గుమ్మం కాణ్ణించే అరుసుకుంటా పోతారు, వచ్చేటప్పుడు తలొంచుకుని వస్తారు," అంది సుబ్బాయమ్మ.

"నేను తలొంచుకునే మనిషిని కాదు."

"అట్టాగే గానీ, ముందు ఫొటో చూపించమని అడుగు. ఫొటో చూడకుండా తగువాడమాక."

నేను వినలేదు. లోపలికి వెళ్లగానే మొదలుపెట్టాను. అక్కడ ఉన్న ఎస్సై మా శ్రీను ఈడు వాడు. లేచి కుర్చీ వేశాడు, మంచినీళ్లు తెప్పించాడు. మర్యాద చేస్తే మెత్తబడతాననుకున్నాడేమో, నేను మెత్తబడలేదు. మా బండి మీద హెల్మెట్ లేకుండా ఎన్నడూ వెళ్లలేదని, కెమెరా కళ్లు పోయాయని, మలుపుల్లో మనుషులు పడుతుంటే మంచి రోడ్డు మీద కాపలా కాస్తున్నారని, అడగాల్సినవన్నీ అడిగాను. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కంప్యూటరు నా వైపు తిప్పాడు.

"ఇది నువ్వేనా మామ్మా?"

నేనే. మా స్కూటీ, దాని మీద శ్రీను. వాడి నెత్తి మీద జుట్టు తప్ప ఏమీ లేదు. వెనక నేను, ఒళ్లో పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో హెల్మెట్ పట్టుకుని కూర్చున్నాను. ఆయన బొమ్మను పెద్దది చేశాడు. హెల్మెట్ నిండా గుడ్లు.

అప్పుడు గుర్తొచ్చింది. మా చెల్లెలి ఇంటి నుంచి నాటుకోడి గుడ్లు తెచ్చిన రోజు. సంచిలో వేస్తే గతుకులకు పగులుతాయి. హెల్మెట్ లోపల మెత్తగా ఉంటుంది కదా, నేనే శ్రీను నెత్తి మీద నుంచి తీయించి అందులో సర్దాను. మా ఊళ్లో హెల్మెట్లలో టమాటాలు తెస్తారు, మల్లెపూలు తెస్తారు. నేను గుడ్లు తెచ్చాను. గొప్ప తెలివైన పని చేశానని ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాను కూడా.

"ఎన్ని గుడ్లు?" అన్నాడు ఎస్సై.

"ముప్పై."

"పగిలాయా?"

"ఒక్కటి పగల్లా," అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు కూడా నాకు గర్వంగానే ఉంది.

"గుడ్లు పగలకూడదని అంత జాగ్రత్త పడ్డావు. మరి నీ కొడుకు తల పగిలితేనో?"

పద్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. దాని భుజాలు ఊగుతున్నాయి. నాకు మాట రాకపోవడం పద్మ పెళ్లయి వచ్చాక ఇదే మొదటిసారి అని అది రాయాలంటోంది. రాసుకోనిచ్చాను.

అయితే ఎంతసేపు ఊరుకుంటాను? ఆ బొమ్మనే చూస్తూ ఉంటే నేను అడగాల్సిన మాట అందులోనే దొరికింది.

"తప్పు నాదే నాయనా, కడతాను. హెల్మెట్ ఉంది, ఉండాల్సిన కాడ లేదు. మరి మీ కెమెరా సంగతేంది? అదీ ఉంది, ఉండాల్సిన కాడ లేదు. నేను తల ఒదిలేసి గుడ్లకు పెట్టా. మీరు మా మలుపు ఒదిలేసి మంచి రోడ్డుకు పెట్టారు. నాకు జరిమానా ఏశారు. మీకెవరేస్తారు?"

పక్క బల్ల దగ్గర కానిస్టేబులు రాయడం ఆపేశాడు. ఎస్సై నన్ను చూశాడు, బొమ్మను చూశాడు, పగలబడి నవ్వాడు.

"మామ్మా, ఈ డబ్బు నా జేబులోకి రాదు. ఖజానాకి పోద్ది."

"ఆ ఖజానాలోంచి మా మలుపుకి ఒక బోర్డు రాదా? ఇదిగో, ఈ పిల్ల ఎముక అక్కడే విరిగింది. చూపించవే పద్మా."

పద్మ నవ్వు ఆపి జాకెట్టు పక్కన కుట్ల గీత చూపించింది. ఆయన నవ్వూ ఆగింది. కెమెరా ఎక్కడ పెట్టాలో తానొక్కడే చెప్పలేడట, రోడ్ల శాఖ వాళ్లు కూడా చూడాలట. "అర్జీ ఇవ్వండి, వాళ్లను తీసుకుని నేనే వస్తా" అన్నాడు. సుబ్బాయమ్మ బల్ల మీద కూర్చుని నేను చెప్పాను, పద్మ రాసింది. వేలిముద్ర వేసి ఇచ్చాను. జరిమానా పద్మ ఫోనులోనే కట్టింది. రశీదు చేతికి వచ్చాక ఎస్సై, "ఇంక గుడ్లు ఎందులో తెస్తావు మామ్మా?" అన్నాడు. "నీ టోపీలో," అన్నాను.

బజారులో గుడ్ల కోసం ఎనభై రూపాయలకు వెదురుబుట్ట, నాకోసం తొమ్మిది వందలకు ఎర్ర హెల్మెట్ కొన్నాం. వెనక కూర్చునే వాళ్లకూ తల ఉంటుంది కదా. నాలుగింటి బస్సు ఎక్కితే ఏడింటికి గురజాల. నా నెత్తి మీద హెల్మెట్ చూసి కరీముల్లా ఆటో ఆపేసి రోడ్డు మీదే కూర్చుని నవ్వాడు. ఇంటికి వెళ్లాక శ్రీనును పిలిచాను.

"ఒరేయ్, ఫొటోలో గుడ్లున్నాయని నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

"మరి చెప్పవేందిరా?"

"చెప్తే ఇంటావా?"

నిజమే, వినను.

మూడు వారాలకు ఎస్సై మాట నిలబెట్టుకున్నాడు. టేపు పట్టుకుని ఇద్దరు మనుషులతో వచ్చి మలుపు కొలిపించాడు. ఎండలో నిలబడ్డ వాళ్లకు మజ్జిగ ఇచ్చాను. ఆ తర్వాత పెద్ద బోర్డు వచ్చింది, రోడ్డుకు అడ్డంగా వరసగా ఆరు చిన్న స్పీడ్ బ్రేకర్లు వేశారు. కెమెరా ఇంకా రాలేదు. దాని కోసం మళ్లీ వెళ్తాను.

కెమెరా మంచిదా, చెడ్డదా అని ఇప్పటికీ జనం నన్ను అడుగుతారు. దానికి నా కొడుకు మీద ప్రేమా లేదు, నా డబ్బు మీద ఆశా లేదు. అది కన్ను మాత్రమే. ఎటు తిప్పి పెట్టారో చూస్తే పెట్టిన వాళ్ల మనసు తెలుస్తుంది. అదే కన్ను నా తప్పు కూడా నాకు చూపించింది, అది ఒప్పుకోవాలి. ఇప్పుడు సాయంత్రం అయిదున్నరకు పాకలో పాలు పితుకుతుంటే మలుపులో లారీలు దడదడమంటూ నెమ్మదించడం వినపడుతుంది. కాసేపటికి ఆ ఆరు బ్రేకర్ల మీద స్కూటీ చిన్నగా టకటకమంటుంది. అది పద్మ. నా చేతులు ఆగకుండా ఆడుతూనే ఉంటాయి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఇంట్లో ఉండగానే చలానా మీద ఉన్న ఫొటోను ఫోనులో పెద్దది చేసి చూసుకోండి. ముఖ్యంగా, ఒళ్లో ఏముందో.

ఇది నేను చెప్పగా రాసినది, చదివించుకుని విన్నాను, సరిగానే ఉంది.

కోటేశ్వరమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర.
రాసినది: కోడలు పద్మ.
సాక్షులు: ఆటో కరీముల్లా; కొడుకు శ్రీను (సంతకం పెట్టేటప్పుడు నెత్తి మీద హెల్మెట్ ఉంది, నేను చూశాను).